నక్కలపాయలో గవర్నమెంటు వంతు

మడ అడవిలో వాచరుగా చేరబోయే వాళ్లకు ఆఫీసులో శిక్షణ ఇస్తారు. ఏ పాముకు విషం ఉంటుందో, ఏ వల మీద కేసు పెట్టాలో, పాయ మధ్యలో ఇంజను ఆగిపోతే ఏం చెయ్యాలో అక్కడే చెబుతారు. అవి నేను మళ్లీ రాయను. ఎప్పుడు పర్మనెంటయ్యానో, ఎవరు సంతకం పెట్టారో కూడా రాయను. వాటితో మీకు పని లేదు. శిక్షణలో చెప్పనిది ఒకటి ఉంది. అది రాస్తాను.

మాది మొవ్వ దగ్గర పల్లె. ఇంటిల్లిపాదీ వరి కూలీలం. అక్షరాలు నాకు ముప్పై దాటాక వచ్చాయి. పాస్టరు గారి భార్య చర్చి వరండాలో కూర్చోబెట్టి నేర్పారు. నేను బైబిలు చదువుకోవాలని ఆవిడ నేర్పారు. వాచరు ఉద్యోగానికి దరఖాస్తు రాసుకోవాలని నేను నేర్చుకున్నాను. ఇద్దరి పనీ అయింది. కాబట్టి ఇందులో వాక్యం ఎక్కడైనా వంకరగా ఉంటే అది నాదే. దిద్దుకుని చదవండి.

చేపకు మీరెవరో తెలియదు

అభయారణ్యంలో చేపల్ని కాపాడే ఉద్యోగం అని చెబుతారు. చేపకు మీరెవరో తెలియదు. దాన్ని మీరు కాపాడుతున్నారని కూడా తెలియదు. మీ పనంతా మనుషులతోనే. మనుషులంటే ఇష్టం లేక అడవి ఉద్యోగానికి వచ్చినవాళ్లు ఇప్పుడే వేరే పని చూసుకోవడం మంచిది.

హంసలదీవి దాటాక కృష్ణ సముద్రంలో కలిసే చోట, రెండు పక్కలా మడ అడవి. అందులోకి ఉప్పునీటి పాయలు వెళ్తాయి. పోటుకు నీళ్లు లోపలికి వస్తాయి, పాటుకు బయటికి పోతాయి. చేపలూ రొయ్యలూ పిల్లలుగా లోపలికి వచ్చి, మడ వేళ్ల మధ్య పెరిగి, సముద్రంలోకి పోతాయి. పాయ నోటికి అడ్డంగా గుంజలు పాతి వల కడితే, పాటు నీళ్లతో బయటికి వచ్చేదంతా వలలోనే పడుతుంది. ఒడ్డున కూర్చుని చుట్ట కాల్చుకున్నా పడుతుంది.

నేను చేరిన రోజుల్లో, అంటే తొంభైల్లో, గుడివాడ చుట్టుపక్కల వరి చేలు చెరువులవుతున్నాయి. టైగర్ రొయ్య పిల్లకు గిరాకీ వచ్చింది. పిల్లను పట్టడానికి దోమతెర గుడ్డతో వలలు కుట్టారు. అందులో రొయ్య పిల్ల ఒక గుప్పెడు పడితే, మిగతా చేప పిల్లలన్నీ బుట్టెడు పడేవి. రొయ్య పిల్లను ఏరుకుని మిగతాది ఒడ్డున పారబోసేవాళ్లు. కాకులు కూడా తినలేక వదిలేసేవి.

అన్నిటికంటే లోతైనది నక్కలపాయ. అందులో వల కట్టకూడదని పైనుంచి ఆర్డరు. ఆర్డరు సరైనదే. నాకు అందులో అనుమానం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. దాన్ని జనానికి చెప్పిన పద్ధతి గురించే ఇదంతా.

బోర్డులు, గుంజలు

మొదట బోర్డులు పెట్టాం. తెలుగులో, ఇంగ్లీషులో రాసిన రేకు బోర్డులు. ఒక వాన కాలానికి ఉప్పు గాలి అక్షరాలు తినేసింది. రెండో వాన కాలానికి బోర్డులే లేవు. పాలకాయతిప్ప వైపు ఒక పల్లె ఉంది, పేరు రాయను. అక్కడ ఒక కోళ్ల గూటి మీద మా బోర్డు చూశాను. "చేపలు పట్టరాదు" అన్న మాట కింద కోడిపెట్ట గుడ్లు పొదుగుతోంది.

అప్పుడే బందరు ఆఫీసు నుంచి కొత్త రేంజరు గారు వచ్చారు. మోహనరావు గారు. నా సర్వీసులో చూసిన ఆఫీసర్లలో పడవ ఎక్కితే వాంతి చేసుకునే మనిషి ఆయనొక్కరే. వాంతి చేసుకుంటూనే రోజూ పడవ ఎక్కిన మనిషీ ఆయనొక్కరే.

"బోర్డు చదివేవాళ్లెవరయ్యా ఇక్కడ? చూడగానే అర్థమయ్యేదేదన్నా పెట్టాలి" అన్నారు.

మా వైపు, పొలం మీద కోర్టు తగాదా ఉంటే నాలుగు మూలలా కర్రలు పాతి ఎర్రగుడ్డ కడతారు. ఆ పొలంలో ఎవరూ అడుగు పెట్టరు. ఆ మాట చెప్పాను. రేంజరు గారిది కూడా పొలాల ఊరే. ఆయనకు బాగా నచ్చింది. సరుగుడు గుంజలు తెప్పించి, చివర ఎర్రగుడ్డ కట్టి, నక్కలపాయ నోట్లో పాతించాం.

మర్నాటి నుంచి ఆ పాయలో ఒక్క వల లేదు. ఒక్క పడవ లేదు. గుంజ దగ్గరికి వచ్చిన పడవ కూడా పక్కకు తప్పుకుని పోయేది. రేంజరు గారు పైకి రిపోర్టు రాశారు. పైవాళ్లు వచ్చి గుంజల పక్కన నిలబడి ఫోటో తీయించుకున్నారు.

ఈ ఉద్యోగంలో ఏదైనా అంత తేలిగ్గా జరిగితే అనుమానించండి. మేం అనుమానించలేదు.

"మీ వల ఎప్పుడు కడతారండీ?"

కొన్నాళ్లకు ఆ కోళ్ల గూటి పల్లె పెద్ద రాఘవులు గారు మా ఔట్‌పోస్టుకు వచ్చారు. వెనక నలుగురైదుగురు మగవాళ్లు. వాళ్ల వెనక కాస్త ఎడంగా ఒక ఆడమనిషి.

రాఘవులు గారు రేంజరు గారికి దండం పెట్టి, "మీ వల ఎప్పుడు కడతారండీ?" అని అడిగారు.

"మేం వలెందుకు కడతామయ్యా?"

"మరి గుంజెందుకు పాతారండీ?"

రేంజరు గారు నా వైపు చూశారు. నేను గుంజల వైపు చూశాను.

సంగతేమిటంటే, ఆ పల్లెలో పాయలు ఎవరి సొంతమూ కాదు. ఏటా వానలు వెనకబట్టాక ఇసుకలో కూర్చుని వంతులు తీస్తారు. ఇంటికొక గుర్తు. గవ్వో, వలకు కట్టే మట్టిపూసో, తెడ్డు ముక్కో. అన్నీ ఒక కుండలో వేస్తారు. ఒక్కో పాయ పేరు చెప్పి ఒక్కో గుర్తు తీస్తారు. ఎవరి గుర్తు వస్తే ఆ పాయ ఆ ఏడాదికి వాళ్లది. వాళ్లు పాయ నోట్లో గుంజ పాతి, చివర గుడ్డ కడతారు. గుడ్డ కట్టిన గుంజ ఉన్న చోట ఇంకొకడు వల వెయ్యడు. అన్నదమ్ములైనా వెయ్యరు.

అంటే మా గుంజను వాళ్లు నిషేధం అనుకోలేదు. గవర్నమెంటు వారు నక్కలపాయ తీసుకుని వల కట్టబోతున్నారు అనుకున్నారు. కుండలో గుర్తు వెయ్యకుండా, దొంగతనంగా.

"వంతులకు రాకుండా గుంజ పాతితే మా కులంలో తప్పు డబ్బు వేస్తామండీ. మీరు పెద్దోళ్లు, మీకేం వేస్తాం. అందుకని అడగటానికొచ్చాం" అన్నారు రాఘవులు గారు. ఆయన గొంతులో వెటకారం లేదు. ఉండి ఉంటే మాకు కాస్త తేలికగా ఉండేది.

అప్పుడు ఎడంగా నిలబడ్డ ఆడమనిషి ముందుకు వచ్చింది. ఆమె పేరు నాంచారమ్మ. భర్త అంతకుముందు ఏడాది సముద్రం మీద పోయాడు. ఈసారి వంతుల్లో ఆయన పేరున ఆమె గుర్తు వేసింది. ఆడది కుండలో చెయ్యి పెట్టడమేమిటని కొందరు గొణిగారట. పెట్టింది. నక్కలపాయ ఆమెకే వచ్చింది.

"వల అల్లటం అయిపోవచ్చింది. గుంజ పాతుదామని పోతే మీ గుంజ ఉంది. పక్కన నేను పాతగూడదు. పున్నమి లోపల పాతకపోతే నా వంతు పోద్ది. వంతు వదిలేసిన ఇంటిని మళ్లీ కుండలోకి రానియ్యరండీ" అంది.

"మొగుడు లేని ఇంటికి ఇంక వంతెందుకు అనేవాళ్లు కాచుక్కూచున్నారు" అని, వెనక నిలబడ్డ మగవాళ్ల వైపు చూడకుండానే చెప్పింది. వాళ్లలో ఇద్దరు దూరంగా వెళ్లే పడవను చూడటం మొదలుపెట్టారు.

మా దగ్గర ఉన్న దారులు

గుంజ తీసేస్తే నాంచారమ్మ నక్కలపాయలో దోమతెర వల కడుతుంది. ఆర్డరు పోతుంది, చేప పిల్ల పోతుంది. గుంజ ఉంచితే ఆమె ఇల్లు కుండలోంచి పోతుంది. పైగా పున్నమి దాటాక మా గుంజకు కూడా విలువుండదు. వల కట్టని గుంజ ఖాళీ గుంజ. వచ్చినవాడు పీకేసి తనది పాతుకుంటాడు. అంతదాకా ఆగి ఉన్నారంతే.

ఆ రోజు చాలామంది ఆఫీసర్లు ఏం చేసేవాళ్లో నాకు తెలుసు. కేసులు పెడతాం అని గట్టిగా చెప్పి, పడవెక్కి బందరు వెళ్లిపోయేవాళ్లు. మోహనరావు గారు బల్ల మీద కూర్చున్నారు. తరవాత, "వంతు వచ్చినవాళ్లు ఒకరితో ఒకరు మార్చుకోవచ్చా?" అని అడిగారు.

"మార్చుకోవచ్చండీ. కుండలో చెయ్యి పెట్టినోళ్లు" అన్నారు రాఘవులు గారు.

"అయితే మళ్లీ తియ్యండి. మేం కూడా పెడతాం."

మగవాళ్లు గుసగుసలాడుకున్నారు. తప్పు గుంజ పడింది కాబట్టి వంతులు చెడినట్టే, మళ్లీ తియ్యొచ్చని రాఘవులు గారు తేల్చారు. మంచి పాయలు వచ్చినవాళ్లకు అది నచ్చలేదు. గవర్నమెంటును తిట్టలేక నన్ను తిట్టారు. ఈ ఉద్యోగంలో అది కూడా ఒక పని, జీతంలోనే ఉంటుంది.

నాంచారమ్మను అడిగారు. చేతికి వచ్చిన పాయను ఆమె మళ్లీ కుండలో వెయ్యాలి.

"ఇంకేం చేస్తాను" అంది.

గవర్నమెంటుకు వల లేదు

వంతుల రోజు ఇంకో చిక్కు వచ్చింది. వల లేని ఇంటికి వంతు లేదు. రేంజరు గారు, కేసుల్లో పట్టుకున్న వలలు స్టోర్లో ఉన్నాయి కదా, ఒకటి తెమ్మన్నారు. తెచ్చాను. ఇసుక మీద పరిచాం.

ఒకాయన వంగి చూసి, "ఇది మా తోడల్లుడిదండీ. ఇదుగో, ఇక్కడ నేనే కుట్టాను" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. వల మడత పెట్టేశాను.

చివరికి నా దగ్గర మొవ్వ కాలవలో జెల్లలు పట్టుకునే చిన్న విసురు వల ఉంటే అది చూపించాను. రాఘవులు గారు దాన్ని రెండు వేళ్లతో ఎత్తి, "వల వలే" అన్నారు. అప్పుడు నవ్వారు. చాలాసేపు నవ్వారు. నాకు దానివల్ల ఏ నష్టమూ జరగలేదు. మీరు కూడా మీ మీద నవ్వేవాళ్లను అడ్డుకోకండి. నవ్వినవాళ్లు తరవాత మాట వింటారు.

గుర్తు కింద రేంజరు గారు చొక్కా బొత్తాం తెంపి ఇచ్చారు. చెప్పులు విప్పి ఇసుకలో అందరితో పాటు కూర్చున్నారు. రాఘవులు గారి తల్లి, చూపు సరిగా ఆనని ముసలమ్మ, కుండలో చెయ్యి పెట్టి తియ్యడం మొదలుపెట్టింది.

అన్నిటికంటే మంచి చోటు మొగ, అంటే నది సముద్రంలో పడే చోటు. "మొగ" అన్నారు. ముసలమ్మ చేతిలో బొత్తాం.

అందరూ ముందుకు వంగి బొత్తాం చూశారు. గవర్నమెంటుకు అదృష్టం పట్టడం వాళ్లు అంతకుముందు చూసి ఉండరు.

"నక్కలపాయ" అన్నారు. రాఘవులు గారి గవ్వ వచ్చింది.

నాంచారమ్మ మట్టిపూస దాదాపు చివర్లో వచ్చింది. అది ఒడ్డు పక్క బురద పాయ. పోటుకు మోకాలి లోతు, పాటుకు ఎండ్రకాయలు నడిచే లోతు.

ఇక్కడ రేంజరు గారికి రెండు దారులున్నాయి. మొగను నాంచారమ్మకు ఇచ్చి ఆమె బురద పాయ తాను తీసుకోవచ్చు. మేం చెడగొట్టింది ఆమెదే కాబట్టి అది న్యాయం. అప్పుడు నక్కలపాయలో రాఘవులు గారి వల పడుతుంది. లేదా మొగను రాఘవులు గారికి ఇచ్చి నక్కలపాయ తీసుకుని ఖాళీగా ఉంచొచ్చు.

ఆయన నాంచారమ్మ వైపు చూశారు. ఆమె ఇసుక వైపు చూసింది.

"రాఘవులు గారూ, మార్చుకుందామా?" అన్నారు.

రాఘవులు గారు ఎందుకు కాదంటారు.

రేంజరు గారు చేసింది ఉద్యోగానికి సరైన పని. నాంచారమ్మకు సరైన పని కాదు. రెండూ ఒకటేనని చెప్పేవాళ్లు మీటింగుల్లో చాలామంది దొరుకుతారు. వాళ్ల మాట నమ్మకండి. ఎవరి దగ్గరనుంచి తీసుకుంటున్నారో తెలిసి తీసుకోండి. ఆయన తెలిసే తీసుకున్నారు. తిరిగి వచ్చేటప్పుడు పడవలో ఆ ఒక్కరోజే ఆయన వాంతి చేసుకోలేదు. నీళ్ల వైపు కూడా చూడలేదు, అందువల్ల అయి ఉంటుంది.

ఆ ఏడు

మా గుంజ మళ్లీ నక్కలపాయలో పాతాం. ఈసారి రాఘవులు గారి మనుషులు కూడా ఒక చెయ్యి వేశారు. వల కట్టకపోతే వంతు పోతుంది కదా అని నేను అడిగాను.

"మీ వల కడితే నీళ్లు నవ్వుతాయి, ఒక మూల తగిలించి పోండి, చాలు" అన్నారు రాఘవులు గారు. నా విసురు వలను గుంజకు తగిలించాం. ఆ ఏడంతా అది అక్కడే వేలాడుతూ ఎండింది. నాకు కాలవ చేపల కూర లేదు.

బయటి ఊళ్ల నుంచి పిల్ల పట్టేవాళ్లు పడవల్లో వస్తే, మా కంటే ముందు ఆ పల్లె వాళ్లే వెనక్కి పంపారు. అభయారణ్యం అని కాదు. గుంజ ఉంది కదా అని. రాఘవులు గారికైతే ఇంకో కారణం ఉంది. మా వంతు పోతే మార్పిడి పోతుంది, మార్పిడి పోతే మొగ పోతుంది. కారణం ఏదైనా నక్కలపాయలో నీళ్లు ఆ ఏడు చేప పిల్లతో కదిలేవి. వంగి చెయ్యి పెడితే వేళ్లకు తగిలేవి.

నాంచారమ్మ బురద పాయలో గుంజ పాతింది. నీళ్లు లేని చోట కూడా పద్ధతి ప్రకారం వల కట్టింది. నేను పడవలో అటు పోయినప్పుడల్లా కేకేసేది.

"అన్నయ్యా, ఆగు."

ఆగితే ఒక ఎండ్రకాయను గడ్డితో కట్టి పడవలో పడేసేది.

"గవర్నమెంటు వారికి. మీరిచ్చిందే."

"చెల్లెమ్మా, పైయేడు మంచి పాయ వస్తుందిలే."

"వస్తే వస్తది, లేకపోతే లేదు. పైయేడు కుండలో నా పూస ఉంటదా, ఉండదా? అది చెప్పు."

ఉంటుంది అన్నాను. ఉంది. ఆ తరవాత ఏటా ఉంది. వంతు వదిలెయ్యని ఇంటిని కుండలోంచి తియ్యడానికి ఎవరికీ వీల్లేకపోయింది. కొన్నేళ్లకు మొగ కూడా ఆమెకు వచ్చింది. ఆ రోజు కూడా నాకు ఎండ్రకాయే ఇచ్చింది. కాకపోతే పెద్దది.

ఆఫీసర్ల గురించి ఒక మాట

మోహనరావు గారికి బదిలీ అయింది. తరవాత వచ్చినవాళ్లు చెడ్డవాళ్లు కాదు. ఒకాయన, "ఆర్డరు ఉండగా మనం లాటరీకి వెళ్లడమేమిటయ్యా, పరువు తక్కువ" అన్నారు. ఇంకొకాయన రెండేళ్లు వెళ్దాం వెళ్దాం అన్నారు. వద్దని ఎవరూ అనలేదు కాబట్టి నేను వెళ్లాను. నా చొక్కా బొత్తాం కుండలో వేసేవాణ్ణి. మంచి చోటు వచ్చిన ఏడు నక్కలపాయ వాళ్లతో మార్చుకునేవాణ్ణి. చెడ్డ చోటు వచ్చిన ఏడు బతిమాలేవాణ్ణి. కొన్నిసార్లు ఒప్పుకున్నారు, కొన్నిసార్లు లేదు. ఒప్పుకోని ఏళ్లలో నక్కలపాయలో వల పడింది. నేను వెళ్లి కేసు పెట్టాను, వాళ్లు పెట్టించుకున్నారు. ఎవరి పద్ధతి వాళ్లు పాటించాం. మొత్తం మీద సగం ఏళ్లకు పైగా ఆ పాయ ఖాళీగా ఉంది. బోర్డులతో అది ఒక వాన కాలం కూడా జరగలేదు.

రిటైరయ్యాక

రిటైరై గుడివాడ వచ్చేశాను. మా తమ్ముడి ఇంటి పక్కన రెండు గదులు. వంతుల రోజు వచ్చేసరికి ఉండబట్టలేక బస్సెక్కాను. ఆ సంవత్సరం వచ్చిన కొత్త ఆఫీసరుకు ముందే ఫోను చేసి చెప్పాను. ఆయన మర్యాదగా విని, "చూద్దామండీ" అన్నారు.

ఇసుకలో అందరూ కూర్చుని ఉన్నారు. కుండ మధ్యలో ఉంది. తల్లి పోయాక కుండలో చెయ్యి పెట్టే పని రాఘవులు గారి చెల్లెలిది. నేను కూర్చుని జేబులోంచి బొత్తాం తీశాను.

రాఘవులు గారికి ఆ సరికి నడుం వంగింది. బొత్తాం తీసుకోలేదు.

"ఎవరి తరఫునయ్యా?"

"గవర్నమెంటు తరఫునండీ. ఎప్పటిలాగే."

"నీకు ఉద్యోగం అయిపోయిందిగా."

"అయిపోయింది. మొన్నటిదాకా నేనే వేశాను కదండీ."

"మొన్నటిదాకా నువ్వు గవర్నమెంటు మనిషివి. ఇప్పుడు మొవ్వ మనిషివి. మొవ్వకు మా దగ్గర వంతు లేదు."

ఆయన చెప్పింది పద్ధతి. నేను వాదించలేకపోయాను. నాంచారమ్మ అటు పక్క కూర్చుని ఉంది. జుట్టు సగం నెరిసింది, చేతిలో మట్టిపూస ఉంది. ఆమె నన్ను వెనకేసుకొస్తుందని అనుకున్నాను.

"చెల్లెమ్మా, నువ్వన్నా చెప్పు. ఆఫీసు వాళ్లెవరూ రాలేదు కదా. ఈ ఒక్క ఏడు వాళ్ల తరఫున నన్ను వెయ్యనీయమను" అన్నాను.

ఆమె చేతిలో పూస చూపించింది.

"నా మొగుడి తరఫున నేను వేస్తన్నాను అన్నయ్యా. ఆయన పోయాడు, రాలేడు. ఆయన్ని రమ్మని ఎవరూ అడగరు" అంది. "గవర్నమెంటు బతికే ఉంది కదా?"

ఉంది అన్నాను.

"అయితే రమ్మను" అంది.

కుండ కదిలించి వంతులు తియ్యడం మొదలుపెట్టారు.